గరుకు వైపు, అద్దం వైపు

మా ఆఫీసులో నన్ను వెనకాల కుంపటి అంటారని నాకు తెలుసు. ఎదురుపడితే మేడమ్, తలుపు మూసుకోగానే కుంపటి. అనుకోనీండి, నాకేం పోయింది? కోపం వస్తే దాచుకోవడం నాకు చేతకాదు. పైగా పొద్దస్తమానం నేను చేసే పనే వేడితో. అయినా ఇప్పుడు రాస్తున్నది నా గురించి కాదు. మా భవనం కింది అంతస్తులో, మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో, ముప్పై ఒక్క ఏళ్లు రాగి పలకల్ని మెరిపించిన ఒకాయన గురించి. ఆయన్ని అందరూ అద్దం బాబాయ్ అంటారు. ఆయనే లేకపోతే నేనీపాటికి కొనుగోళ్ల విభాగంలో ఓ మూల కూర్చుని ఫైళ్లకు దారాలు కడుతూ ఉండేదాన్ని.

బాబాయ్ పదహారేళ్లప్పుడు తన మేనమామ గిన్నెల దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ ఆయన పని కొత్త పళ్లేల్ని, చెంబుల్ని రుద్ది మెరిపించడం. మేనమామకి గుబురు మీసం. రుద్దిన పళ్లెం తీసుకెళ్తే మొహానికి ఎదురుగా పెట్టుకుని అందులో మీసం చూసుకునేవాడట. "మీసం కనపడుతోంది గానీ తెల్లవెంట్రుకలు కనపడట్లేదురా, తీసుకుపో" అని మళ్లీ చేతిలో పెట్టేవాడట. తెల్లవెంట్రుకలు ఎన్నున్నాయో లెక్క తేలేదాకా ఆ పళ్లెం దుకాణం ముందుకి వెళ్లేది కాదు. అదే కొలత బాబాయ్ ఒంట్లో ఇంకిపోయింది. మా సంస్థలో చేరాక ఆయనే మీసం పెంచుకున్నాడు. ఎందుకు బాబాయ్ ఇంత మీసం అని ఎవరైనా అడిగితే, "కొలబద్ద లేకుండా పనెట్లా చేస్తాం?" అనేవాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాలుగేళ్లు ఆయన పై అంతస్తులోనే పని చేశాను, నా పలకలూ ఆయన చేతిమీదుగానే వచ్చాయి గానీ, పన్నెండు మెట్లు దిగి ఆ గదిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఎదురుపడితే ఆయన "నమస్తే మేడమ్" అనేవాడు, నేను తల ఊపి వెళ్లిపోయేదాన్ని. అంత బిజీ మరి, రాచకార్యాలు వెలగబెడుతున్నాను కదా!

నా పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఊరూరా తిరిగి రోగులకి స్కాన్ తీసే బండి ఒకటి తయారవుతోంది. ఆ యంత్రానికి కరెంటు మార్చి ఇచ్చే పెట్టెలోని చిప్పులు అరచెయ్యంత చోటులో పొయ్యిలా వేడెక్కుతాయి. చిన్న ఫ్యాన్లు చాలవు, పెద్ద ఫ్యాన్లు పెడితే బండిలో రోగికి చోటుండదు. అందుకని చిప్పుల మీద ఒక రాగి పలక అతికించి, దాని మీద కరెంటు పారని ఒక ద్రవం పోసి, గట్టిగా మూత బిగించేస్తాం. పలక వేడెక్కితే ద్రవం మరుగుతుంది. మరిగి ఆవిరవుతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. ఆ ఆవిరి పైన చల్లటి మూతకి తగిలి, చుక్కలై, మళ్లీ కిందికి దిగుతుంది. పంపు లేదు, చప్పుడు లేదు. వింటే టీ పెట్టినంత సులువు అనిపిస్తుంది.

కానీ మరగాలి కదా! ఆ ద్రవం మహా మొండిఘటం. అరవై డిగ్రీల దగ్గర మరగాల్సింది, డెబ్భై అయినా ఎనభై అయినా ఉలకదు పలకదు. ఈలోగా చిప్పు మాడుతూ ఉంటుంది. తీరా మరిగిందంటే ఒక్కసారిగా భగ్గుమని మరిగి, పలకంతా ఆవిరి దుప్పటి కప్పేస్తుంది. ఇక ద్రవం పలకని తాకదు, వేడి పోదు, చిప్పు కాలిపోతుంది. అలా కాకూడదంటే పలక గరుకుగా ఉండాలి. నున్నటి చోట బుడగ పుట్టదు. సన్నటి గుంటలోనో గీతలోనో పిసరంత ఆవిరి దాక్కుని ఉంటేనే బుడగకి పుట్టిల్లు దొరుకుతుంది. ఇది నాకు తెలియక కాదు. అందుకే ప్రతి పలకకీ బయటి వర్క్‌షాపులో గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించి పైభాగం గరుకు చేయించేదాన్ని. అక్కణ్ణుంచి పలక బాబాయ్ దగ్గరికి వెళ్లేది, అంచుల్లో పదును తీసి కడిగి ఇవ్వడానికి. తర్వాత బిగింపు గదిలో చిప్పుల మీద అతికించి, పెట్టెలో పెట్టి, ద్రవం పోసి, మూత వేసేసి నా బల్ల మీదికి పంపేవాళ్లు. లోపల జరిగేది నేను పక్కనున్న చిన్న గుండ్రటి గాజు కిటికీలోంచి చూడాల్సిందే.

మొదటి పెట్టె కాలిపోయింది. ద్రవం మంచిది కాదేమో అనుకుని వేరేది తెప్పించాను. రెండోదీ కాలిపోయింది. తెరిచి చూస్తే అంతా నల్లగా బొగ్గు, ఏం అర్థమవుతుంది? బిగింపు గదివాళ్ల మీద ఎగిరాను, కరెంటాయన మీద ఎగిరాను, ఇంటికొచ్చి మా ఆయన మీద కూడా ఎగిరాను. ఆయన ఓపిగ్గా విని, "పాపం, నేనేం చిప్పు కాల్చానే?" అన్నాడు.

మిగిలింది ఒక్క పెట్టె. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, గొంతు పెంచకుండా, కుర్చీ చూపించి మరీ చెప్పారు. "ఎల్లుండి అందరి ముందూ పూర్తి వేడి మీద పరీక్ష పెట్టండి. ఇదీ కాలితే ఈ పని ఇంతటితో ఆపేద్దాం. మిమ్మల్ని కొనుగోళ్లకి మారుస్తాను." ఆయన అరిచినా బాగుండేది, నేనూ అరిచేదాన్ని. నాలుగేళ్ల పని. బయటికొచ్చి చేతులు కడుక్కునే గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. టీ ఇచ్చే ఆవిడ చూసింది. ఆవిడ చూసిందంటే భవనమంతా చూసినట్టే.

మర్నాడు పొద్దున మూడో పెట్టెని బల్ల మీద పెట్టి సన్నటి వేడి ఇస్తున్నాను. పరీక్షకి ముందు ద్రవంలో కరిగి ఉన్న గాలి పోవడానికి అలా రెండు గంటలు వెచ్చబెట్టాలి. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే బాబాయ్. నీలం గుడ్డ భుజం మీద, గోళ్లనిండా నల్లటి పాలిష్ ముద్ద, చెప్పులు బయటే విప్పేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన పై అంతస్తుకి రావడం అదే మొదటిసారట.

"మేడమ్, ఆ పెట్టె ఆపెయ్యండి. లోపల పలక మీద గీత ఉంది."

"ఏం గీత?"

"నా చెయ్యి జారింది. ఏడాదిగా కుడిచెయ్యి కొంచెం వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే బల్ల మీంచి లేపేస్తారని. చివర్లో పలక మూల మీద పనిముట్టు జారి గీత పడింది. ఎంత రుద్దినా పోలేదు. చూసీ చూడనట్టు పంపించేశాను. మీరు ఏడ్చారని టీ ఆవిడ చెప్పింది. నిన్నట్నుంచీ అన్నం సయించట్లేదు. నా గీత వల్ల మీ పని పోకూడదు."

అంటూ కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి పదవీ విరమణ ఇంకా ఎనిమిది నెలలే. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. నాకేమో అప్పటికి అదేం పట్టలేదు. నా బుర్ర ఇంకోచోట ఆగిపోయింది.

"ఇసుక కొట్టిన పలక కదండీ అది, పైనంతా గరుకే. దాని మీద ఒక గీత మీకెట్లా కనపడింది?"

"ఆ గరుకంతా తీసేశాగా," అన్నాడు బాబాయ్.

"ఏం తీశారు?"

"ఎవరో పాడుచేసి పంపిస్తున్నారు మేడమ్ ఆ పలకల్ని. పైనంతా గీకేసినట్టు, మచ్చలు మచ్చలుగా. అట్లాంటివి బిగిస్తే మీకు మాటొస్తుందని, ఒక్కో పలకకీ రెండేసి రోజులు కూర్చుని అద్దంలా చేసి పంపుతున్నాను. మూడూ అంతే."

నాకు నెత్తిమీద పిడుగు పడినట్టయింది. ఇక చూడండి, కుంపటి రాజుకుంది. "ఎవరు మెరిపించమన్నారు మిమ్మల్ని? రెండు పెట్టెలు బూడిద చేశారు కదయ్యా! ఒక్క మాట అడగాలని లేదూ?" అని నోటికొచ్చినట్టు అరిచాను. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. బాబాయ్ మొహం పాలిపోయింది.

"నేనవి మూతలనుకున్నాను మేడమ్," అన్నాడు. "పైకి కనపడేవనుకున్నాను. ఇవెందుకో నాకెవరూ చెప్పలేదు."

ఎవరు చెప్పాలి? నేనే. నా డ్రాయింగులో పలక పొడవుంది, వెడల్పుంది, రంధ్రాలున్నాయి. ఏ వైపు గరుకుగా ఉండాలో, ఎందుకుండాలో లేదు. బయటి వర్క్‌షాపుకి ఫోన్లో చెప్పాను, వాళ్లు చేశారు. మెట్ల కింద ఉన్న మనిషికి చెప్పాలని నాకు తట్టనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా.

ఈలోపు బాబాయ్ వంగి గాజు కిటికీలోంచి చూస్తున్నాడు. "అదిగో, పైన దీపం నీడ పలకలో పడుతోంది చూడండి," అన్నాడు. ఆ మెరుపు నేను మూడు పెట్టెల్లోనూ చూశాను. ద్రవం మీద వెలుతురనుకున్నాను. "మరి బుడగలన్నీ ఆ మూల నుంచే వస్తున్నాయేం?" అని మళ్లీ ఆయనే అడిగాడు.

చూశాను. పలకంతా నిమ్మకు నీరెత్తినట్టు పడుంది. ఒక్క మూల మాత్రం వరసగా, చిన్న చిన్న పూసల్లా, బుడగలు లేస్తున్నాయి.

"అక్కడేగా మీ గీత?"

"ఆ, అక్కడే."

నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తులేదు. ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. బుడగకి పుట్టిల్లెందుకు కావాలో మొదట్నుంచీ చెప్పాను. నాలుగేళ్ల కిందట చెప్పాల్సినది, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపాడు. "అంటే మా ఇంట్లో కొత్త గిన్నెలో నీళ్లు ఎంతకీ మరక్కుండా ఉండి ఎగిరిపడేదీ ఇందుకేనా? మీ పిన్ని నన్ను తిట్టేది, నీ రుద్దుడికి నీళ్లు కూడా భయపడుతున్నాయి అని." పిన్ని అంటే ఆయన భార్య. ఆవిడ అప్పటికే తేల్చేసిన విషయాన్ని నేను నాలుగేళ్లు పరిశోధించానన్నమాట.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? పలక చిప్పులకి అతికి ఉంది. ఊడదీస్తే చిప్పులు పోతాయి. మళ్లీ ఇసుక కొట్టిస్తే పక్కనున్న సన్నటి తీగలు తెగిపోతాయి. ద్రవం దించేసి, మూత తీసి, సూదితో చేత్తోనే గీతలు పెట్టాలి. గట్టిగా నొక్కితే కింద చిప్పు పగులుతుంది. ఎంత నొక్కాలో చేతికి తెలిసిన మనిషి ఆ భవనంలో ఒక్కడే ఉన్నాడు.

"నా వల్ల కాదు మేడమ్. ఈ చెయ్యి చూశారుగా, గీత తిన్నగా రాదు."

"తిన్నగా ఎందుకు బాబాయ్? వంకరే కావాలి. ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఎట్లా పడితే అట్లా."

ఆయన నా మొహంలోకి అనుమానంగా చూశాడు. తర్వాత మీసం కింద నవ్వాడు. "వణుకే కావాలంటే, అమ్మాయ్, నా దగ్గర కావలసినంత ఉంది."

అప్పట్నుంచి నన్ను అమ్మాయ్ అనే పిలిచాడు. మేడమ్ అంటే పలకనని నేనే చెప్పాను.

మెట్ల కింది గదిలోకి పెట్టె దించాం. బల్ల మీద నీలం గుడ్డ పరిచి, దీపం నేను పట్టుకున్నాను. సూది పలక మీద పెట్టాడు గానీ గీయడు. నా కళ్ల ముందే మూడుసార్లు పెట్టి తీశాడు. "ముప్పై ఒక్క ఏళ్లు గీతలు తీసినవాణ్ణి. చెయ్యి రావట్లేదు," అన్నాడు. పలకలో తన మీసం వంక చూసుకున్నాడు. "మామయ్యా, నువ్వు అటు తిరుగు," అని గట్టిగా అని, కళ్లు మూసుకుని మొదటి గీత గీశాడు. నాకు నవ్వొచ్చింది, దీపం ఇంకొంచెం దగ్గరికి పట్టాను.

పది గంటలకి మొదలుపెడితే అయిదయింది. అన్నం కూడా అక్కడే తిన్నాం, ఆయన డబ్బాలోది సగం నాకు పెట్టాడు. ఆ డబ్బా అడుగున నా మొహం కనపడింది, చెంచాలో తలకిందులుగా కనపడింది. మధ్యాహ్నానికి చెయ్యి మరీ ఎక్కువ వణికితే కాసేపు ఆపి, వేళ్లు నలుపుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి పలక మీద అద్దం పోయింది. ముందు మొహం మసకబారింది, తర్వాత దీపం నీడ పోయింది. మిగిలినదంతా సన్నటి గీతల మీద గీతలు. ఒక చిప్పుకి కూడా దెబ్బ తగల్లేదు. ఆయన దాన్ని చూసి, "ఇంత దరిద్రమైన పని నా జన్మలో చెయ్యలేదు," అని తృప్తిగా గుడ్డ దులిపాడు.

మర్నాడు పొద్దున బిగింపు గదివాళ్లు ద్రవం పోసి మూత వేశారు. గాలి పోయేదాకా వెచ్చబెట్టి, మధ్యాహ్నం మూడింటికి పరీక్ష పెట్టాను. డైరెక్టర్ గారు, స్కాన్ బండి తయారుచేసేవాళ్లు నలుగురు, గోడవార మా వాళ్లంతా. వేడి పెంచుతున్నాను. యాభై. యాభై అయిదు. అరవై దాటింది, ఏమీ లేదు. అరవై ఒకటి. అరవై రెండు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో మూలన ఒక్క బుడగ లేచింది. దాని పక్కన రెండు. ఇంకో రెండు నిమిషాల్లో పలక ఈ చివర నుంచి ఆ చివరదాకా కుతకుతా ఉడికింది. పూర్తి వేడి ఇచ్చాను. తెర మీద ఉష్ణోగ్రత గీత డెబ్భై ఒకటి దగ్గర ఆగింది. అరగంటైనా, గంటైనా, అక్కడే ఉంది.

గదిలో చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరిగి చూస్తే బాబాయ్ లేడు. తలుపు అవతల, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, "ఈ పలక చేసింది ఈయనే" అని చెప్పాను. ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. డైరెక్టర్ గారు ఆ చేతినే అడిగి తీసుకుని కలిపారు.

మొదటి రెండు పెట్టెలు ఎందుకు కాలాయో నివేదిక ఇవ్వాలి. బాబాయ్ నా బల్ల దగ్గరికొచ్చి, "నా పేరే రాయి అమ్మాయ్, ఎనిమిది నెలల్లో పోయేవాణ్ణి, నాకేమవుతుంది?" అన్నాడు. నేను రాసింది ఇది: పలక ఏ వైపు ఎలా ఉండాలో డ్రాయింగులో చూపలేదు, చేసేవాళ్లకి చెప్పలేదు, తప్పు నాదే. డైరెక్టర్ గారు చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, సంతకం పెట్టారు. నేను కొనుగోళ్లకి వెళ్లలేదు.

తర్వాతి పలకల పని మొదలుపెట్టేటప్పుడు ముందు మెట్లు దిగి వెళ్లాను. అంతా విని బాబాయ్ అడిగాడు, "మరి చిప్పుకి అతికే వైపు?"

"అది మాత్రం ఎంత నున్నగా ఉంటే అంత మంచిది బాబాయ్. మధ్యలో సందు లేకుండా అతుక్కోవాలి."

ఆయన మొహం చూడాల్సింది! "అయితే నాకు సగం పలక మిగిలిందన్నమాట," అన్నాడు. ఆ వైపు ఆయన అద్దం చేసి ఇచ్చిన పలకలతో చిప్పుల వేడి ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గింది. నా డ్రాయింగులో ఇప్పుడు రెండు వాక్యాలున్నాయి, ఒకటి గరుకు వైపుకి, ఒకటి అద్దం వైపుకి. ఆ పెట్టెలతో మూడు బండ్లు తిరుగుతున్నాయి. లోపల పడుకున్న రోగికి ఫ్యాన్ల హోరు లేదు.

బాబాయ్ పదవీ విరమణ రోజు అందరూ కలిసి ఆయనకి గోడ గడియారం ఇచ్చారు. పిన్ని దాన్ని చూసి, "గాజు మెరవట్లేదని ఇంటికెళ్లాక రుద్దుతాడు, చూస్తూ ఉండండి," అంది. గోల సద్దుమణిగాక ఆయన నన్ను మెట్ల కింది గదిలోకి పిలిచి, నీలం గుడ్డలో చుట్టిన అరచెయ్యంత రాగి పలక చేతిలో పెట్టాడు. పైనంతా వంకర గీతలు.

"మీ వణుకంతా నాకే ఇచ్చేస్తున్నారా బాబాయ్?" అన్నాను.

"వెనక్కి తిప్పు," అన్నాడు.

తిప్పాను. ఏడుపు మొహంతో, ఎర్రటి ముక్కుతో, అచ్చం నేనే ఉన్నాను అందులో. నా నాలుగేళ్ల పనిని నిలబెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలో, కావలించుకోవాలో తెలియలేదు. ఆయనే అడిగాడు.

"తెల్లవెంట్రుకలు కనపడుతున్నాయా?"

పలక దగ్గరికి తెచ్చుకుని, చెవి పక్కన జుట్టు పాయ తీసి, ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

"ఏడు, బాబాయ్."

"అయితే పని అయినట్టే," అన్నాడు, నీలం గుడ్డ మడతపెడుతూ.